పైన బండి సంగతి, గీత కింద నా సంగతి

అమ్మా,

బండి అమ్మే ఆయన ఇరవయ్యో తేదీ దాకానే ఆగుతానన్నాడు కాబట్టి ఈ ఉత్తరం ఇవాళే రాయాలి. ఏ బండి కొనాలో చెప్పమని నువ్వు ఫోన్‌లో రెండుసార్లు అడిగావు. రెండుసార్లూ "తొందరేముంది, చూద్దాం" అని దాటవేశాను. ఇప్పుడు ఉత్తరంలో మళ్ళీ అడిగావు, "ఇంతమందిమి నీ మాట కోసం చూస్తున్నాం, నువ్వు ఏది చెబితే అదే" అని. ఇంకోసారి కూడా దాటవేస్తే నువ్వు నన్ను చదివించినందుకు అర్థం ఉండదు.

దండం పెట్టి మొదలుపెట్టాల్సిన ఉత్తరాన్ని పనితో మొదలుపెట్టాను, ఏమీ అనుకోకు. ఇప్పుడు పెడుతున్నాను. నేను ఇక్కడ బాగున్నాను. నువ్వూ, వ్యానూ, వ్యానులో ఎక్కేవాళ్ళూ, ఎక్కకుండానే అన్ని విషయాల్లో వేలుపెట్టే స్టాండు వాళ్ళూ అందరూ బాగున్నారని అనుకుంటున్నాను.

ముందుగా ఒక మాట. నా ఉత్తరం రాగానే ప్యాకింగ్ షెడ్డు గేటు దగ్గర వ్యాను ఆపి, గేటు తీసేదాకా వ్యానులో పనికి వచ్చినవాళ్ళందరికీ గట్టిగా చదివి వినిపిస్తావని నాకు తెలుసు. పోయినసారి జలుబు చేసిందని ఒక్క ముక్క రాస్తే, పిన్ని, పొడుగు అత్త, మెట్ల దగ్గర ఎక్కే అక్కాచెల్లెళ్ళు, వరసగా ఫోన్ చేసి ఆవిరి పట్టమన్నారు. అందరికీ పట్టానని చెప్పాను. మనసుకు బాగానే ఉంది కాని, అన్ని సంగతులూ అలా నలుగురిలో చదివేవి కావు. అందుకని ఈ ఉత్తరం మధ్యలో ఒక అడ్డగీత గీస్తాను. గీత దాకా అందరికీ చదువు. గీత కింద ఉన్నది వ్యాను ఖాళీ అయ్యాక నువ్వొక్కదానివే చదువుకో. "అంతేనా, ఇంకా కాగితం ఉందిగా" అని పిన్ని తొంగిచూస్తుంది. కంపెనీ లెక్కలు అని చెప్పు. లెక్కలంటే చాలు, ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తుంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. తింటున్నాను. గదిలో ఫ్యాను బాగు చేయించాను. కొత్త చెప్పులు కొనుక్కున్నాను, పాతవి దాచుకోకుండా పారేశాను కూడా. పక్క గదిలో ఉండే నర్సుది రాత్రి డ్యూటీ కాబట్టి మేం కలిసేది మెట్ల మీదే. ఆమె ఎక్కుతుంటుంది, నేను దిగుతుంటాను. "గుడ్ మార్నింగ్" అంటాను, "గుడ్ నైట్" అంటుంది.

నువ్వు హైబ్రిడ్ బండి నడిపి చూసిన కథ చదివి ఒక్కదాన్నే గదిలో పకపకా నవ్వాను. బండి కదిలిందట, వేగం అందుకుందట, గేరు మార్చాలనిపించి ఎడమ కాలు తనంతట తానే లేచి క్లచ్‌ని తొక్కిందట. క్లచ్ ఉంటే కదా. అక్కడున్నది బ్రేకు. వెనక కూర్చున్న పిన్ని టిఫిన్ డబ్బాతో సహా ముందు సీటులోకి వచ్చిందనీ, అమ్మే ఆయన తలుపు పట్టుకుని, "అమ్మా, మీ ఎడమ కాలు ఇంటి దగ్గర వదిలేసి రండి" అన్నాడనీ రాశావు. సిగ్గుపడ్డానని కూడా రాశావు. సిగ్గెందుకు? గేరు బండి నడిపినవాళ్ళు మాత్రమే చేయగలిగిన తప్పు అది. గేరు బండి ఎరగనివాళ్ళకు ఎడమ కాలికి ఒక పని ఉందని కూడా తెలియదు. కంపెనీలో బండ్లు పరీక్షించే ఈ పనిలో చేరిన మొదటి వారంలో నేనూ అదే చేశాను. నాకు నేర్పింది నువ్వే కదా, కాలు ఎక్కడికి పోతుంది? బండి దబ్బున కుదిపి ఆగింది, ఆ రోజు పరీక్ష రద్దయింది. పెద్ద ఇంజనీరు వచ్చి, "ఏ స్కూల్లో నేర్చుకున్నావు డ్రైవింగు?" అన్నారు. "మా అమ్మ దగ్గరండీ" అన్నాను. "ఆవిడేం నడుపుతారు?" అన్నారు. "కొండ దారిలో డీజిల్ వ్యాను" అన్నాను. ఆయన నవ్వడం ఆపి, "అయితే కాలు మాట వినడానికి నెల పడుతుంది" అన్నారు. అంతకంటే కొంచెం ఎక్కువే పట్టింది. నువ్వు ఎడమ కాలిని సీటు కిందికి ముడిచి పెట్టుకుని ఖాళీ మైదానంలో రోజూ కాసేపు నడుపు. అలవాటవుతుంది.

నేను రోజూ ఏ ఊరిదాకా నడుపుతానో చెప్పమని పొడుగు అత్త అడిగిందన్నావు. అత్తా, నేను ఏ ఊరికీ వెళ్ళను. మా పరీక్ష గదిలో నేలలో పెద్ద ఇనుప రోలర్లు ఉంటాయి. బండి చక్రాలను వాటి మీద నిలబెట్టి, బండిని నాలుగువైపులా పట్టీలతో కట్టేస్తారు. నేను ఎక్కి నడుపుతుంటే చక్రాలు తిరుగుతాయి, కింద రోలర్లు తిరుగుతాయి, బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఎదురుగాలి కావాలి కదా, దానికి ముందు ఒక పెద్ద ఫ్యాను. నా పక్కన ఒక తెర మీద రేఖ వస్తుంటుంది. రేఖ లేస్తే వేగం పెంచాలి, దిగితే తగ్గించాలి. తగ్గుతుంది, పెరుగుతుంది, ఆగుతుంది, మళ్ళీ కదులుతుంది. ఆ రేఖ తప్పిపోకుండా నడిపితే బండి ఎంత పొగ వదిలింది, ఎంత ఇంధనం తాగింది అనేది గాజు అద్దం వెనక కూర్చున్నవాళ్ళు రాసుకుంటారు. ఎలక్ట్రిక్ బండి అయితే బ్యాటరీ అయిపోయేదాకా నడపాలి. అంతదూరం నడిపి దిగి చూస్తే అదే గోడ.

ఇక వ్యాన్ల స్టాండులో గొడవ సంగతి. నువ్వు రాసింది రాసినట్టు మా క్యాంటీన్‌లో ఎవరికైనా చెబుదామనుకున్నాను, అంత బాగుంది. గేరు మామ అన్నాడట: "గేరు లేని బండి బండేంటి? కుర్చీ."

బ్యాటరీ బావ అన్నాడట: "కుర్చీ అయితే మంచిదేగా మామా, కూర్చో."

"కొండెక్కేటప్పుడు ఇంజను నన్ను అడగాలి, నేను గేరు ఇవ్వాలి. మా ఇద్దరి మధ్యా మాటుండాలి."

"మీ మాటలు అయ్యేసరికి నా బండి పైకెక్కి చల్లబడి ఉంటుంది."

"కరెంటు ఉంటే."

"డీజిల్ మాత్రం నీ పెరట్లో కాస్తోందా?"

అప్పుడు పిన్ని, "మీ ఇద్దరి గొంతులకీ బెల్టు తగిలిస్తే షెడ్డులో మిషన్లన్నీ ఊరికే తిరుగుతాయి" అందట. ఇక్కడా ఇదే గొడవ అమ్మా. టర్బో గొప్పదా కాదా, రెండు క్లచ్‌ల గేర్‌బాక్సు మేలా, బెల్టు మీద నడిచేది మేలా, హైబ్రిడ్ అసలు బండేనా లేక మొహమాటమా అని. ఒకాయన చెంచాతో బల్ల మీద కొట్టి మరీ వాదిస్తాడు. తేడా ఏమిటంటే ఇక్కడ వాదించుకునేవాళ్ళెవరూ పొద్దున్నే ఆ బండి తీసి పనికి పోనక్కర్లేదు.

నువ్వు పోవాలి. కాబట్టి నీ దారిని ఎదురుగా పెట్టుకుని చెబుతాను. వచ్చే నెల నుంచి పాత డీజిల్ బండ్లను షెడ్డు గేటు లోపలికి రానివ్వబోమన్నారు కనుక మన వ్యాను ఎలాగూ ఆగిపోతుంది. అమ్మే ఆయన దగ్గరున్నవి మూడు: కొత్త రకం డీజిల్ గేరు బండి, పాత ఎలక్ట్రిక్ వ్యాను, నువ్వు పిన్నిని గాల్లోకి లేపిన హైబ్రిడ్.

డీజిల్ గురించి గేరు మామ చెప్పింది అబద్ధం కాదు. నిండా జనంతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను మెల్లగా తిరుగుతూనే బలంగా లాగుతుంది, ఆ గుణం డీజిల్‌దే. కాని కొత్త డీజిళ్ళకు పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ లాంటిది ఉంటుంది. అందులో మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు చాలాసేపు ఆగకుండా వేగంగా పోవాలి. నువ్వు ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరి కోసం ఆగుతావు. ఒకరు చెప్పులు మరిచిపోయి మళ్ళీ ఇంట్లోకి వెళతారు, నువ్వు హారన్ కొడుతూ కూర్చుంటావు. నీ దారిలో ఆ జల్లెడ మూసుకుపోతూనే ఉంటుంది, నువ్వు మెకానిక్ దగ్గర కూర్చుంటూనే ఉంటావు.

ఎలక్ట్రిక్ వ్యాను ఆగి ఆగి వెళ్ళడానికి అన్నిటికంటే మంచిది. బావ గెలిచాడని అప్పుడే ఈల వెయ్యొద్దని చెప్పు. మన ఇల్లు కొండ మీద. రాత్రంతా చార్జింగ్ పెట్టి పొద్దున్నే నిండు బ్యాటరీతో దిగుతావు. దిగేటప్పుడు దాని మోటారు కరెంటు పుట్టిస్తుంది, ఆ పుట్టించే పనివల్లే బండి నెమ్మదిస్తుంది. కాని నిండు బిందెలో ఇంకా నీళ్ళు పోస్తే ఎక్కడ పడతాయి? బ్యాటరీలో చోటు లేకపోతే ఆ ఆపే బలం ఉండదు, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. అది పెద్ద లోపం కాదు, కొంచెం తక్కువ చార్జింగ్ చేసుకుని దిగితే సరి. అసలు చిక్కు సాయంత్రం. ఆ వ్యాను పాతది, బ్యాటరీ చిన్నది. అందరినీ ఎక్కించుకుని కొండ ఎక్కితే చాలా తాగేస్తుంది. షెడ్డు దగ్గర చార్జింగ్ పెట్టుకునే వీలు లేదు, ఇంటి దగ్గర కరెంటు చెప్పకుండా పోతుంది. షెడ్డు వాళ్ళు చార్జర్ పెట్టిన రోజున బావ మాట నేనే చెబుతాను. ఇప్పుడు కాదు.

హైబ్రిడ్‌లో ఇంజనూ మోటారూ రెండూ ఉంటాయి. మధ్యలో ఉన్న పళ్ళచక్రాలు రెండింటి బలాన్నీ కలిపి చక్రాలకు పంపుతాయి. ఎవరు ఎంత పని చెయ్యాలో అవే చూసుకుంటాయి, నువ్వు తీర్పు చెప్పక్కర్లేదు. ప్లగ్గు పెట్టే పని లేదు. మలుపు దగ్గర ఆగి కదిలేటప్పుడు మోటారు లాగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను తోడవుతుంది. దిగేటప్పుడు దాని చిన్న బ్యాటరీ సగం దారిలోనే నిండిపోతుంది. అందుకని లివర్ మీద బి అని ఒక అక్షరం ఉంటుంది. నువ్వు రెండో గేరు వేసి దిగే చోట అది వెయ్యి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గొంతు ఎగసి అక్కడే నిలబడిపోతుంది, బండి మాత్రం నింపాదిగా ఎక్కుతుంది. గేరు మామ వింటే క్లచ్ జారిపోతోందని బండి ఆపించేస్తాడు. అందులో జారడానికి క్లచ్ లేదు, ఎక్కడమే అలా ఎక్కుతుంది. ఇంకోటి ముఖ్యం: ఆగినప్పుడు ఇంజను చప్పుడు ఆగిపోతుంది. బండి ఆఫ్ అయిందనుకుని దిగిపోవద్దు. స్టీరింగు ముందు పచ్చదీపం వెలుగుతుంటే అది కదలడానికి సిద్ధంగా ఉన్నట్టే. అందరూ విన్నారు కదా, దిగేటప్పుడు ఆ దీపం చూసుకోమని అమ్మకు ఎవరో ఒకరు గుర్తుచెయ్యండి.

కాబట్టి నీ దారికి హైబ్రిడ్ కొను. వెనక వరసలో ముగ్గురు కాస్త ఒదిగి కూర్చోవాలి, అంతే. ఇది నేను ఆలోచించి, పరీక్ష గదిలో మూడు రకాలూ నడిపి చెబుతున్న మాట.

అందరికీ నా నమస్కారాలు.

________________________________

అమ్మా, వ్యాను ఖాళీ అయిందా?

పైన రాసిన జవాబు నాకు ఈ నెలంతా తెలుసు. నువ్వు మొదటిసారి ఫోన్ చేసిన రోజునే తెలుసు. నీ దారి నాకు కంఠతా వచ్చు, ఆ మూడు బండ్లూ తెలుసు, ఆలోచించడానికి ఏమీ లేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు రాస్తున్నాను.

నీ మోకాలి సంగతి పిన్ని చెప్పింది. ఆమెను ఏమీ అనకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. సాయంత్రం వ్యాను దిగేటప్పుడు తలుపు పట్టుకుని కాసేపు నిలబడుతున్నావట, కాలు చాపడానికి. ఎక్కేవాళ్ళు భయపడతారని ఎవరికీ చెప్పలేదట. డ్రైవరు కాలు బాగాలేదంటే ఎవరికైనా భయమే, అది నాకు అర్థమైంది. నాకెందుకు చెప్పలేదో మాత్రం అర్థం కాలేదు. కోపం వచ్చింది, తర్వాత పోయింది. నేనూ నీకు చెప్పనివి ఉన్నాయి.

మా కంపెనీ లోపల ఒక బిల్డింగు నుంచి ఇంకో బిల్డింగుకు మనుషుల్ని తిప్పే ఎలక్ట్రిక్ వ్యాన్లు ఉన్నాయి. వాటికి డ్రైవర్లు కావాలనీ, నమ్మకమైనవాళ్ళు తెలిస్తే చెప్పమనీ రవాణా చూసే ఆఫీసరు అందరినీ అడిగాడు. నేను నీ పేరు చెప్పాను. నిన్ను అడగకుండా చెప్పాను. కొండ దారిలో ఇన్నేళ్ళు ఒక్క గీతా పడకుండా నడిపిందని చెబితే, ఆయన సంతోషించి నీ పేరు మొదట రాసుకున్నాడు. చదునైన రోడ్లు, క్లచ్ లేదు, ఇద్దరికి సరిపోయే గది ఇస్తారు. నీ మోకాలి కోసమే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నువ్వు అక్కడ బండి కొనేస్తే ఇక రాలేవు. అందుకే "చూద్దాం, చూద్దాం" అన్నాను.

మోకాలు ఒక కారణం. ఇంకొకటి రాయడానికి ఇంత కాగితం పట్టింది.

గాజు అద్దం వెనక ఒక పెద్దాయన కూర్చునేవారని ఇంతకు ముందు ఒకసారి రాశాను. మేం మైకులో మాట్లాడుకునేవాళ్ళం. మాట్లాడటమంటే ఆయన "మొదలుపెట్టు" అనేవారు, నేను "సరేనండీ" అనేదాన్ని. ఆ తెర మీద రేఖ ఆగీ ఆగీ నడుస్తుంది కదా, నాకు అది చూస్తుంటే మన దారే గుర్తొచ్చేది. రేఖ దిగినప్పుడల్లా, ఇది పిన్ని వాళ్ళ నల్ల గేటు, ఇది పొడుగు అత్త మలుపు, ఇది అక్కాచెల్లెళ్ళ మెట్లు అని మనసులో అనుకునేదాన్ని. ఎప్పటి నుంచి పైకి అనడం మొదలుపెట్టానో నాకే తెలియదు. ఒకరోజు మైకులో పెద్దాయన గొంతు వినబడింది.

"ఎవరమ్మాయ్ ఎక్కింది?"

"ఎవరూ లేరండీ" అన్నాను.

"లేకపోవడమేమిటి? తలుపు సరిగా వెయ్యలేదని ఇప్పుడేగా అత్తను కసిరావు."

తల వంచుకుని రేఖ చూస్తూ నడిపాను. పై ఆఫీసుకు చెబుతారేమో, పిచ్చిదాన్ననుకుంటారేమో అని రాత్రి సరిగా తినలేదు. మర్నాడు మొదటిసారి వేగం తగ్గించి ఆపాను. నేను నోరు తెరవకముందే ఆయన మైకులో, "తలుపు వేసింది, పోనివ్వు" అన్నారు.

ఆ తర్వాత రోజూ అంతే. "ఇవాళ మెట్ల దగ్గర ఒక్కతే ఎక్కిందేం? చెల్లెలికి ఒంట్లో బాగాలేదా?" అనేవారు. "టిఫిన్ డబ్బా మరిచిపోయి వెనక్కి వెళ్ళిందండీ" అనేదాన్ని. "హారన్ కొట్టు మరి" అనేవారు. బయట ఎక్కడైనా ఎదురైతే ఇద్దరం ఏమీ ఎరగనట్టు తలూపి వెళ్ళిపోయేవాళ్ళం. ఇక్కడికి వచ్చాక నాతో మాట్లాడిన మనిషి ఎవరంటే ఆయనే. పోయిన నెల రిటైరయ్యారు. వెళ్ళే రోజు పరీక్ష అయ్యాక, "ఇక అందరూ దిగారా?" అని అడిగారు. "దిగారండీ" అన్నాను. మైకు ఆఫ్ చేశారు.

ఆయన చోట కుర్రాయన వచ్చాడు. మంచివాడే. "స్టార్ట్" అంటాడు, "స్టాప్" అంటాడు. నేను స్టాపుల పేర్లు చెప్పడం మానేశాను. క్యాంటీన్‌లో ఒక్కదాన్నే తింటాను. ఇంజనీర్లు ఇంజనీర్లతో కూర్చుంటారు, మెకానిక్కులు మెకానిక్కులతో కూర్చుంటారు. నేను చదువుకున్నాను కాబట్టి మెకానిక్కులు నన్ను మెకానిక్ అనుకోరు, బండి నడుపుతాను కాబట్టి ఇంజనీర్లు నన్ను ఇంజనీరు అనుకోరు. ఇంజనీర్లు బండ్ల గురించి వాదించుకుంటుంటే పక్క బల్ల దగ్గర నుంచి వింటాను. ఒకసారి, హైబ్రిడ్ దిగుడులో బ్యాటరీ నిండిపోతుందని వాళ్ళకు గుర్తులేకపోతే చెబుదామని లేచాను. లేచినదాన్ని నీళ్ళు తెచ్చుకుని మళ్ళీ కూర్చున్నాను. సెలవు రోజున బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్ళి, అదే బస్సులో తిరిగి వస్తాను. వెనక సీట్లలో ఎవరో ఒకరు పోట్లాడుకుంటుంటారు, వినడానికి బాగుంటుంది.

రవాణా ఆఫీసరు అడిగింది పెద్దాయన వెళ్ళిన వారంలోనే. అప్పుడు చెప్పాను నీ పేరు. నీ కాలి కోసం అనుకున్నాను, చెప్పేటప్పుడు మాత్రం సాయంత్రం గదిలో దీపం వెలుగుతూ ఉంటుందని అనుకున్నాను.

ఇంకొకటి కూడా దాచకుండా రాయాలి. నువ్వు చెయ్యబోయే పని ఎలా ఉంటుందో చూద్దామని మొన్న ఆ వ్యాను ఎక్కి ఒక చుట్టు తిరిగాను. బండి చాలా మంచిది. చప్పుడు లేదు, కుదుపు లేదు, తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. డ్రైవరు ఇంచుమించు నీ వయసు ఆవిడ. అందరూ దిగాక ముందుకు వెళ్ళి అడిగాను.

"పని ఎలా ఉంటుందండీ?"

"బాగుంటుందమ్మా. ఎండ లేదు, వాన లేదు, క్లచ్ లేదు. కాళ్ళ నొప్పులు పోయాయి."

"ఎక్కేవాళ్ళు మాట్లాడతారా?"

ఆవిడ నావైపు తిరిగి చూసింది. "దేని గురించి?" అంది.

వెక్కిరించడం కాదు. నిజంగానే అడిగింది. నేను దిగిపోయాను. నడుచుకుంటూ గదికి వస్తుంటే నాకు తెలిసింది, నేను ఇక్కడికి పిలుస్తున్నది నిన్ను కాదు, మన వ్యాను మొత్తాన్ని. పిన్నిని, పొడుగు అత్తను, గేరు మామను, గేటు దగ్గర చదివే ఉత్తరాన్ని. వాళ్ళెవరూ రారు. వచ్చేది నువ్వొక్కదానివే. అప్పుడు ఈ ఊళ్ళో ఇద్దరం ఉంటాం, పొద్దంతా నువ్వొక బండిలో, నేనొక బండిలో, సాయంత్రం ఒకే గదిలో. అది తక్కువేమీ కాదు. నాకైతే చాలా ఎక్కువ. నీకు ఎంతో నాకు తెలియదు.

నువ్వు వచ్చేస్తే అక్కడివాళ్ళ సంగతి కూడా ఆలోచించాను. షెడ్డు బస్సు కొండ ఎక్కదు. గేరు మామ వ్యాను ఇప్పటికే నిండిపోయి ఉంటుంది, పైగా అదీ పాతదే. మెట్ల దగ్గర ఎక్కే అక్కాచెల్లెళ్ళు పెద్ద రోడ్డు దాకా చీకట్లో నడిచి దిగాలి. ఇవన్నీ రాసి నీ మీద భారం వెయ్యడం లేదు. నువ్వు ఎలాగూ ఆలోచిస్తావు, నేను ఆలోచించలేదని అనుకోకూడదని రాస్తున్నాను.

అమ్మా, హైబ్రిడ్ కొంటే నీ ఎడమ కాలికి విశ్రాంతి దొరుకుతుంది. ఇక్కడికి వచ్చినా దొరుకుతుంది. మోకాలికి రెండూ ఒకటే. కాబట్టి మోకాలి పేరు చెప్పి నువ్వు నాకోసం రాకూడదు, మోకాలి పేరు చెప్పి నేను నిన్ను పిలవకూడదు. మిగిలింది ఒక్కటే, నువ్వు ఎక్కడ ఉండాలనుకుంటున్నావు అన్నది. నాకేం కావాలో రాసేశాను. అది నీ దగ్గర ఉంచుకో, కాని దాన్ని బట్టి తేల్చకు. నువ్వు అక్కడే ఉంటానంటే నేను ఇక్కడ ఉండగలను. ఆ ఇంజనీర్ల బల్ల దగ్గరికి మళ్ళీ లేచి వెళతాను, ఈసారి నీళ్ళ కోసం కాదు.

ఫోన్ మాత్రం చెయ్యకు. బండి గొంతు వినగానే లోపల ఏం అరిగిందో నీకు తెలిసిపోతుంది, నా గొంతూ అంతే. నేను "బాగున్నానమ్మా" అనగానే నువ్వు సంచి సర్దుకుంటావు. అందుకే కాగితం మీద అడుగుతున్నాను, కాగితం మీదే చెప్పు.

నీ పేరు తీసెయ్యాలన్నా ఉంచాలన్నా పద్దెనిమిదో తేదీ సాయంత్రం లోపల రవాణా ఆఫీసులో చెప్పాలి. నువ్వు పెద్దగా ఏమీ రాయక్కర్లేదు. "తీసెయ్" అని కాని, "ఉంచు" అని కాని ఒక్క మాట చాలు. రాసేముందు ఒక్క పని చెయ్యి. రేపు పొద్దున అందరూ ఎక్కి, తలుపు వేసి, వాళ్ళ గోలలో వాళ్ళు ఉన్నప్పుడు, బండి కదిలించకుండా అద్దంలో ఒకసారి వెనక సీట్లు చూడు. తర్వాత రాయి. పద్దెనిమిదో తేదీ లోపల నాకు అందేలా పోస్టులో వెయ్యి.

ఇట్లు,
నీ జవాబు కోసం చూస్తున్న
నీ అమ్మడు